ఆలస్యం సరే, అబద్ధమెందుకు?

మీరు ఇంట్లోనే ఉన్నారు. గేటు తీసిపెట్టి, వరండాలో కుర్చీ వేసుకుని పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నారు. స్నానానికి వెళ్తూ కూడా ఫోను వెంటబెట్టుకుని వెళ్లారు. రాత్రి ఏడున్నరకి టింగుమని మెసేజీ: ‘మీ పార్సిల్ ఇవ్వడానికి వచ్చాం, ఇంటికి తాళం వేసి ఉంది, రేపు మళ్లీ ప్రయత్నిస్తాం.’ ఒళ్లు మండుతుందా, మండదా చెప్పండి!

హైదరాబాద్‌లో చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ, ఇటు బషీర్‌బాగ్ దాకా ఏ ఇంట్లో కూర్చుని పార్సిళ్ల మాటెత్తినా ముందు బయటికొచ్చే కథ ఇదే. వస్తువు పగిలిందనీ, ఒకటి అడిగితే ఇంకొకటి వచ్చిందనీ తర్వాత చెప్తారు. జనానికి ఆలస్యం మీద అంత కోపం లేదండీ. మందులూ, పరీక్ష పుస్తకాలూ, పెళ్లి బట్టలూ పక్కన పెడితే, రెండ్రోజులు ఆగినంత మాత్రాన ఎవరి కొంపా మునగదు. కోపమంతా అబద్ధం మీద. నేనూ ఆ పక్షమే. నాలుగు రోజులు ఆలస్యమైనా సరే, సామాను ఎక్కడుందో ఉన్నమాట చెప్పే సర్వీసునే నమ్ముతాను. రేపే తెస్తామని ఊరించి, గడప తొక్కకుండానే ‘వచ్చి వెళ్లాం’ అనేవాళ్లని మాత్రం నమ్మలేను.

మా ఇంటి సంగతే చెప్తాను వినండి. సంస్థ పేరు ఇప్పుడెందుకు లెండి. మా అత్తయ్యగారి సహస్ర చంద్రదర్శనానికని మా వదిన గద్వాలలో నేయించిన చీర కొరియర్‌లో పంపింది. ‘ఇచ్చేశాం, ఫలానా ఆయన అందుకున్నారు’ అని ఫోన్లో పడింది. ఆ పేరు గలాయన మా ఇంట్లోనే కాదు, మా సందులోనే లేడు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ‘మా రికార్డులో డెలివరీ అయినట్టే ఉంది సార్’ అన్నమాటే చిలక పలుకు. ఆఖరికి ఆ చీర రెండు వీధుల అవతల ఒక జిరాక్స్ షాపులో దొరికింది. షాపతను పాపం అట్టపెట్టె చెక్కుచెదరకుండా దాచిపెట్టాడు. వాన తడికి నంబరు చెరిగిపోయి మాకు కబురు చేయలేకపోయాడంతే. చీర దక్కింది కానీ వేడుకకి మాత్రం అత్తయ్యగారు వేరే చీర కట్టుకున్నారు. ఆ రోజున ‘ఇల్లు దొరకలేదు, ఫలానా షాపులో పెట్టాను’ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే అయిదు నిమిషాల్లో వెళ్లి తెచ్చుకునేవాళ్లం కదా!

అయితే ఇల్లు దొరకదన్నది వట్టి సాకు కాదు. మన పాత మున్సిపల్ నంబర్లు ఒకసారి చూడండి. చిక్కడపల్లిలో చాలా ఇళ్లు 1-8తో మొదలవుతాయి. హిమాయత్‌నగర్ వైపు వెళ్తే 3-6. బషీర్‌బాగ్ దగ్గర 5-9 కనిపిస్తుంది. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. అంతవరకు బాగానే ఉంది. అన్నదమ్ములు వాటాలు పంచుకుంటే ఒక బార్ గీసి ఎ, బి చేరాయి. వాటా పడగొట్టి అపార్ట్‌మెంట్ లేపితే ఇంకో బార్ గీసి ఫ్లాటు నంబరు చేరింది. ఒక నంబరు పక్కింటికి దాని తర్వాతి నంబరే ఉంటుందన్న హామీ లేదు, సందు మలుపు తిరిగితే అసలు వరుసే మారిపోతుంది. చిక్కడపల్లికీ అశోక్‌నగర్‌కీ 500020, హిమాయత్‌నగర్‌కి 500029 అని పిన్‌కోడ్‌లున్నాయి నిజమే. 1972 ఆగస్టు 15న మొదలైన ఆ ఆరంకెల పద్ధతి ఉత్తరాన్ని సరైన పోస్టాఫీసు దాకా తెస్తుంది. అక్కణ్నుంచి గుమ్మం దాకా తెచ్చింది మాత్రం పోస్ట్‌మ్యాన్ జ్ఞాపకమే. ఏళ్ల తరబడి ఒకే బీటులో తిరిగినాయనకి ఎవరి కోడలు పురిటికి పుట్టింటికెళ్లిందో, ఎవరింట్లో మధ్యాహ్నం రెండింటికి తలుపు కొట్టకూడదో కూడా తెలిసేది.

ఇవాళ బండి మీద వచ్చే కుర్రాడికి ఆ అవకాశమేదీ? నిన్న ఉప్పల్‌లో తిరిగినవాడు ఇవాళ ఇక్కడికి వస్తాడు. మ్యాపు వాడిని ఇందిరాపార్కు దగ్గర స్టీల్ బ్రిడ్జి ఎక్కమంటుంది. 2023 ఆగస్టులో తెరిచిన ఆ వంతెన ఎక్కాడో, అశోక్‌నగర్ కాళ్ల కిందే ఉండిపోతుంది, బండి వీఎస్టీ దగ్గర దిగుతుంది. మళ్లీ తిరిగి రావాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్ ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? అప్పుడొస్తుంది ఫోను, ‘సార్, లొకేషన్ సంధ్య టాకీస్ దగ్గర సూపెడ్తుంది, యాడికి రావాలె?’ అని. గానసభ అనో, సిటీ సెంట్రల్ లైబ్రరీ అనో, వెంకటేశ్వరస్వామి గుడి అనో గుర్తు చెప్తాం. గుడి పేరు చెప్తే చాలామంది ఇట్టే వచ్చేస్తారు.

నారాయణగూడలో ఒక టీ కొట్టు దగ్గర పార్సిళ్లు పంచే కుర్రాడితో మాటల్లో పడ్డాను. బండి వెనక వాడి అంత ఎత్తు సంచీ. ప్రతి పెట్టె మీదా లావు మార్కర్ పెన్నుతో వాడి సొంత రాత: ‘గుడి ఎనుక’, ‘మెట్రో కింద’, ‘కుక్క’, ‘మూడో ఫ్లోర్ లిఫ్ట్ లేదు’. పొద్దున్నే హబ్‌లో నేల మీద పరుచుకుని, తిరగాల్సిన వరుసకి తిరగేసి పేర్చుకుంటాడట. ఆఖరున ఇవ్వాల్సింది సంచీ అడుగున, ముందు ఇవ్వాల్సింది పైన. అంత పొందికగా సర్దుకునేవాడు రాకుండానే తాళం ఉందని ఎందుకు కొడతాడు? అదే అడిగాను.

‘అంకుల్, సామాను చేతికొచ్చెటాల్లకే పదకొండైతది. చీకటి పడేదాంక తిరుగుత. అన్ని ఒడుస్తయా? ఒడువకపోతే, టైం సాల్లేదని కొట్టనీకి అండ్ల ఆప్షనే లేదు. ఉన్నయాట్ల ఏదో ఒకటి కొట్టాలె’ అంటూ ఫోన్ తీసి చూపించాడు. తలుపు తాళం, కస్టమర్ ఫోన్ ఎత్తలేదు, అడ్రస్ సరిగ్గా లేదు, వద్దన్నారు, వేరే రోజు రమ్మన్నారు. అంతే జాబితా. తప్పంతా మన మీదికే నెట్టే మాటలు! పని ఎక్కువై పొద్దు చాలలేదన్న మాట రాసుకునే చోటే లేదు. ఇచ్చిన పెట్టెకి ఇంత అని కూలి. ఇవ్వని పెట్టెకి పెట్రోలు ఖర్చు వాడిదే.

నాకు ఆ జాబితా చూశాక కోపం దిశ మారింది. గుమ్మంలో నిలబడ్డ కుర్రాడి మీద అరిచి ఏం లాభం? ఎంత సామాను ఇస్తే ఒక మనిషి ఒక రోజులో పంచగలడో లెక్క కట్టని ఆఫీసులో పుట్టింది ఆ అబద్ధం. ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో భోజనం పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన 23 ఏళ్ల కుర్రాడు, ఆ ఇంటి కుక్క మీదికొస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి, తర్వాత ఆస్పత్రిలో చనిపోయాడు. మన పార్సిల్ వచ్చే రోజున కుక్కని కట్టేసుకోవడం, వాచ్‌మ్యాన్‌కి ముందే చెప్పి లిఫ్ట్ ఎక్కనివ్వడం మన పని. వాళ్లు చేయాల్సినవి చెప్పేటప్పుడు మనం చేయాల్సినవి దాటెయ్యకూడదు.

చిరునామా గొడవకి తపాలాశాఖ కొత్తగా ఒక మందు కనిపెట్టింది. 2025 మే 27న డిజిపిన్ అని విడుదల చేశారు. దేశాన్నంతా దాదాపు నాలుగు మీటర్లు పొడవు, నాలుగు మీటర్లు వెడల్పు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికీ పది అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ ఇచ్చారు. ఇందులో మన ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల చెయ్యి ఉందంటే నాకు చాలా సంతోషమేసింది. సందులో గేటు దాకా ఇది తీసుకురాగలదు. అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఒకరి మీద ఒకరున్న ఫ్లాట్లన్నిటికీ అదే కోడ్ కాబట్టి, ఫ్లాటు నంబరూ, గుడి గుర్తూ మాత్రం ఎప్పట్లాగే రాయక తప్పదు.

తపాలా మాట వచ్చింది కాబట్టి కాస్త ఆగుదాం. పార్సిల్ చేతికిచ్చి డబ్బులు తీసుకోవడం ఏదో ఆన్‌లైన్ వాళ్లు కనిపెట్టిన వింత అనుకుంటారు మన పిల్లలు. ఆ పనే చేసే తపాలావారి వీపీపీ మన దేశంలో 1877లోనే వచ్చింది. పోస్ట్‌మ్యాన్ పుస్తకం ఇచ్చి, సొమ్ము వసూలు చేసుకుని, పంపినవాళ్లకి మనియార్డరు చేసేవాడు. తెలుగు పుస్తకాలు పల్లెపల్లెకీ వెళ్లింది ఆ దారినే. స్పీడ్ పోస్టు 1986 ఆగస్టు 1న మొదలైంది. 2025లో రిజిస్టర్డ్ పోస్టుని కూడా అందులోనే కలిపేశారు. ఈ పేటల్లో రిటైరైన పెద్దలు చాలామందికి అది మనసుకు కష్టంగా ఉంది. రిజిస్టర్ చేశామంటే చేరినట్టే అన్న ధీమా వాళ్లది.

ఆ ధీమా చట్టం ఇచ్చింది కాదు, అది గమనించాలి. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఆరో సెక్షన్, పోయినా పాడైనా ఆలస్యమైనా ప్రభుత్వానికి బాధ్యత లేదనే చెప్పింది. దాని స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. అందులోనూ నిబంధనల్లో రాసుకున్నంత మేరకే బాధ్యత. స్పీడ్ పోస్టు పోతే కట్టిన చార్జీకి రెట్టింపు, లేదా 1000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది అన్న రూలు ఏళ్లుగా ఉంది. అంటే చట్టం చేతులెత్తేసిన చోట కూడా పోస్ట్‌మ్యాన్ మాట నిలబెట్టాడు. నమ్మకం ఆయన రోజూ మన వీధికి రావడం వల్ల పుట్టింది.

పుస్తకాలవాళ్లకి మధ్యలో ఒక దెబ్బ తగిలింది. తక్కువ ధరకి పుస్తకాలు పంపే రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ పద్ధతిని 2024 డిసెంబరులో ఎత్తేశారు. కాచిగూడ చౌరస్తా నుంచి చిక్కడపల్లి దాకా పుస్తకాలతో బతికేవాళ్లందరూ బెంగపడ్డ రోజులవి. నూరు రూపాయల కవితా సంపుటికి అరవై రూపాయలు పంపకం ఖర్చంటే కొనేదెవరు? 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చాక కొంత ఊపిరి ఆడింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100. రోడ్డు, రైలు దారిన వెళ్తుంది కాబట్టి నిదానమే. కానీ ఎక్కడిదాకా వెళ్లిందో చూసుకోవచ్చు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలకి ఊళ్ల నుంచి పుస్తకాలు తెప్పించుకోవాలన్నా, చదివేసినవి తమ్ముళ్లకి పంపాలన్నా ఇది మంచి దారి, వాడుకోండి.

పుస్తకం అంటే ఇంకోటి గుర్తొచ్చింది. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుట్టినప్పుడు వాళ్లకి వచ్చిన మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచే. జాన్ వుడ్ రాసిన ఒక ఇంగ్లీషు పుస్తకం కావాలని ఒక యువకుడు అడిగాడు. తీరా చూస్తే ఆ పుస్తకం వాళ్ల దగ్గర లేదు. సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ బెంగళూరు పుస్తకాల షాపులన్నీ గాలించి, దొరికించుకుని పంపారు. ఆలస్యమైతే అయింది కానీ అడిగిన పుస్తకమే చేరింది. మూడేళ్లకి, 2010లో, వాళ్లు సామాను చేతికొచ్చాకే డబ్బులివ్వచ్చన్నారు. చూడని దుకాణానికి ముందు డబ్బులు కట్టడానికి వెనకాడిన మన మధ్యతరగతి అప్పుడు గాని కదల్లేదు.

ఇక నాకు బాగా నచ్చిన పార్సిల్ ఏదంటే ఆర్టీసీ బస్సుదే అంటాను. పూర్వం ఏం చేసేవాళ్లం? ఊళ్లో అమ్మ బస్సు డ్రైవర్ చేతిలో నెయ్యి డబ్బా పెట్టి, బస్సు నంబరు ఫోన్లో చెప్పేది. మనం ఇమ్లీబన్ బస్టాండులో కాపు కాసి అందుకునేవాళ్లం. ఆర్టీసీ ప్రాంగణాల్లో ఏఎన్‌ఎల్ పార్సిల్ కౌంటర్లూ చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2020 జూన్‌లో తెలంగాణ ఆర్టీసీ సొంతంగా కార్గో పార్సిల్ మొదలుపెట్టింది. సామాను ఫలానా బస్సులో వస్తోందంటే ఆ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరినడిగినా చెప్తారు. దాచడానికి ఏమీ ఉండదు. 2022 నుంచి భద్రాద్రి రాములవారి తలంబ్రాలు కూడా ఇంటికి తెచ్చిస్తున్నారు. 2023లో 116 రూపాయలు తీసుకున్నారు, 2024లో 151. కల్యాణానికి వెళ్లలేని ముసలివాళ్లు ఆ చిన్న పొట్లం కళ్లకద్దుకుంటుంటే, ఇంతకన్నా విలువైన పార్సిల్ ఇంకేముంటుంది అనిపించింది.

అమెరికా పచ్చళ్ల సంగతి చెప్పకుండా ఈ కబుర్లు పూర్తి కావు. నారాయణగూడ, హిమాయత్‌నగర్‌ల్లో ‘విదేశాలకు పచ్చళ్లు, స్వీట్లు పంపబడును’ అన్న బోర్డులు చూస్తూనే ఉన్నారుగా. అలాంటి ఒక కొట్లో మా ఆవిడతో పాటు కూర్చుని చూశాను. ఇంటి నుంచి తెచ్చిన జాడీలోంచి గోంగూర దళసరి ప్లాస్టిక్ కవర్లోకి గరిటెతో వేశారు. కవరు మూతి లోపలివైపు నూనె అంటితే అతుకు పట్టదని, ఆ అమ్మాయి గుడ్డతో తుడిచి, మళ్లీ పొడిగుడ్డతో తుడిచింది. మిషన్ మీద పెడితే గాలంతా లాగేసి పొట్లం రాయిలా బిగుసుకుంది. దాని మీద ఇంకో కవరు. ఆ తర్వాత పొట్లాన్ని తలకిందులుగా పాత పేపరు మీద పెట్టి, రాత్రంతా అలాగే ఉంచుతారట. పొద్దున పేపరు మీద నూనె మరక కనబడితే మళ్లీ మొదటికి. ఆ పేపరు చూపించి ‘రేపు ఫోటో పెడతానాంటీ’ అంది. అన్నట్టే పొద్దున్నే పెట్టింది. నాకు ఆ కొట్టు మీద గురి కుదిరింది ఆ ఫోటోతోనే.

తూకం దగ్గర చాలామంది కొట్లాడతారు. పచ్చడి బరువు వేరు, అప్పడాల పెట్టె బరువు వేరు. విమానంలో పంపేవాళ్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. 40, 30, 30 పెట్టె అయితే 7.2 కిలోలు. లోపల నాలుగు కిలోల చేగోడీలే ఉన్నా 7.2కే డబ్బులు. ఇది మోసం కాదు, విమానంలో చోటుకి కట్టే కిరాయి. కానీ ఆ లెక్క ముందే చెప్పకుండా బిల్లు చేతిలో పెట్టేవాడిది మాత్రం మోసమే.

2025లో ఈ దారికే గండి పడింది. 800 డాలర్ల లోపు సరుకుకి అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు ఆగస్టు 29తో పోయింది. దానికి నాలుగు రోజుల ముందే, 25 నుంచి, మన తపాలాశాఖ అమెరికాకి చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం ఆపేసింది. మళ్లీ మొదలుపెట్టింది అక్టోబరు 15న. మధ్యలో బతుకమ్మ, దసరా వెళ్లిపోయాయి. డాలస్‌లో పిల్లలు, ఇక్కడ మలీదా కట్టుకుని తల్లులు! అయినా ఆ కాలంలో తపాలావాళ్ల మీద ఎవరూ పెద్దగా నోరు చేసుకోలేదు. తీసుకోవడం లేదని కౌంటర్ దగ్గరే చెప్పేశారు. ఆ అయోమయంలో పెట్టె పుచ్చుకుని, దారిలో ఉందని వారాల తరబడి నెట్టుకొచ్చిన కొట్లకే తిట్లు పడ్డాయి.

సామాను పోతే ఏం చేయాలో కూడా చెప్పి ఆపేస్తాను. కొరియర్ రసీదు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది, పోతే ఇంతకు మించి ఇవ్వం అని. 1996లో భారతి నిట్టింగ్ కంపెనీ, డీహెచ్ఎల్ కేసులో సుప్రీంకోర్టు, సంతకం చేసిన కాగితంలో 100 డాలర్లని పరిమితి ఉంటే అంతే వస్తుందని తేల్చింది. కాబట్టి విలువైన వస్తువైతే ముందువైపే విలువ రాయించి, బీమా చేయించాలి. చేరిందని అబద్ధపు మెసేజీ వస్తే ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టి, ఆ నంబరు దాచుకోండి. ఎవరు అందుకున్నారో ఫోటో, ఓటీపీ చూపించమని అడగండి. అక్కడ తేలకపోతే 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2019 చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలంటే, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపుంటే ఫీజు కూడా లేదు. పిటిషన్ ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

ఆవకాయ పంపేవాళ్లకి ఒక్కమాట. కొత్త ఆవకాయ పెట్టిన వారానికే పంపకండి, ఊట దిగుతూ ఉంటుంది, ఎంత బిగించినా కవరు ఉబ్బుతుంది. మూడోనాడు కలిపాక ఇంకో పదిహేను రోజులు జాడీలో ఊరనిచ్చి అప్పుడు పట్టుకెళ్లండి. రసీదు మీద ‘ఫుడ్ ఐటమ్స్’ అని ఒక్క ముక్కలో రాసిస్తే ఒప్పుకోకండి. మామిడికాయ పచ్చడి ఎన్ని కిలోలు, కందిపొడి ఎంత, విలువెంత, సుంకం ఎవరు కడతారు, అన్నీ విడివిడిగా రాయించుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.